రొయ్యల చెరువు నుంచి ఉద్దానం దాకా: సూక్ష్మజీవుల లెక్క కట్టే కోడ్ అందరికీ కనపడాలి

శ్రీకాకుళం జిల్లాలో రణస్థలం దగ్గరో సంతబొమ్మాళి దగ్గరో ఒక వనామీ రొయ్యల చెరువులో నీళ్లు సీసాకి పట్టి, సన్నటి ఫిల్టర్‌తో వడగట్టి, అందులో చిక్కిన డీఎన్‌ఏ తీసి సీక్వెన్సింగ్‌కి, అంటే దాని అక్షరాలు చదివించడానికి, పంపారనుకోండి. మెషీన్ నుంచి వచ్చేది రిపోర్టు కాదు, లక్షల కొద్దీ డీఎన్‌ఏ ముక్కల అక్షరాలున్న ఫైళ్లు. వాటిలో విబ్రియో (రొయ్యలకి జబ్బు తేగల బ్యాక్టీరియా) అని ఎక్కడా రాసి ఉండదు, బాసిల్లస్ అనే ఇంకో బ్యాక్టీరియా పేరూ ఉండదు. ఆ పేర్లు, పక్కన శాతాలు, రంగురంగుల బార్ చార్టులు, అన్నీ ఆ తర్వాత సాఫ్ట్‌వేర్‌లో పుట్టేవే. ఏ నాణ్యత దగ్గర ముక్కను కత్తిరించాలి, ఎంత తేడా ఉంటే రెండిటినీ వేర్వేరు జీవులు అనుకోవాలి, పేరు ఏ డేటాబేస్‌లోంచి తేవాలి, ఇలా మధ్యలో చాలా చోట్ల ఎవరో ఒకరు నిర్ణయం తీసుకుంటారు. ఆ నిర్ణయాలు మారితే అదే చెరువు, అవే నీళ్లు, ఫలితం మాత్రం వేరు. ఈ రంగంలో వాడే ముఖ్యమైన సాఫ్ట్‌వేర్ దాదాపు అంతా ఓపెన్ సోర్స్, అంటే కోడ్ అందరికీ బయట పెట్టినది. ఉచితంగా దొరకడం మంచిదే గానీ అసలు లాభం వేరే ఉంది: ఆ నిర్ణయాలన్నిటినీ ఎవరైనా తెరిచి చూడొచ్చు, మార్చి మళ్లీ నడిపించి ఫలితం నిలబడుతుందో లేదో తేల్చుకోవచ్చు.

ఇంతకీ కొలిచేదేమిటి? రొయ్యల రైతులకు బాగా తెలిసిన పరీక్ష టీసీబీఎస్ ప్లేటు, అంటే బ్యాక్టీరియాని పెంచి చూసే పళ్లెం. గ్రీన్ కాలనీలెన్ని, ఎల్లో కాలనీలెన్ని అని లెక్కపెట్టి చెబుతారు. అది విబ్రియోల కోసం పెట్టిన పరీక్ష, అదీ ప్లేటు మీద పెరిగే వాటికే. చెరువులో ఉండే మిగతా బ్యాక్టీరియాలో చాలా భాగం ఏ ప్లేటు మీదా పెరగదు. అందుకని నేరుగా డీఎన్‌ఏ చదువుతారు. ఎక్కువగా వాడేది 16ఎస్ జన్యువు, పొడవు సుమారు 1,500 బేస్‌లు (డీఎన్‌ఏ అక్షరాలు), ప్రతి బ్యాక్టీరియాలోనూ ఉంటుంది. అందులో కొన్ని చోట్లు దాదాపు అందరిలో ఒకేలా ఉంటాయి, కొన్ని చోట్లు జాతిని బట్టి మారతాయి. మారని చోట ప్రైమర్ అనే చిన్న డీఎన్‌ఏ ముక్క అతికించి, మారే చోటు చదివితే అది ఎవరి కుటుంబమో పోల్చుకోవచ్చు. 1977లో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ ఈ తరహా రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏని పోల్చే, ఆర్కియా అనే శాఖ మామూలు బ్యాక్టీరియా నుంచి పూర్తిగా వేరని చూపించారు.

మెషీన్ ఇచ్చే ఫైలు పేరు ఫాస్ట్‌క్యూ. దాన్ని మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో తెరవొచ్చు, ఈ పని మొదలుపెట్టే ప్రతి స్టూడెంటూ ఒక్కసారైనా తెరిచి చూడాలి. ఒక్కో ముక్కకి, అంటే రీడ్‌కి, నాలుగు లైన్లు. మొదటిది దాని పేరు, రెండోది ఏ, సీ, జీ, టీ అక్షరాలు, మూడోది ప్లస్ గుర్తు, నాలుగో లైన్లో ఒక్కో అక్షరం మీద మెషీన్‌కి ఎంత నమ్మకముందో చెప్పే గుర్తులు. క్యూ 20 అంటే 100 అక్షరాల్లో ఒకటి తప్పయ్యే అవకాశం, క్యూ 30 అంటే 1,000లో ఒకటి. 250 అక్షరాల రీడ్ మొత్తం క్యూ 20 దగ్గర ఉంటే సగటున రెండున్నర తప్పులు. ఇలాంటివి లక్ష రీడ్లుంటే, ఒక్కో తప్పుడు రీడ్‌నీ కొత్త జీవి అనుకుంటే, చెరువులో లేని బ్యాక్టీరియా వేల సంఖ్యలో పుట్టుకొస్తుంది. ఈ రంగంలో సాఫ్ట్‌వేర్ చరిత్ర చాలా వరకు ఈ ఒక్క సమస్య చుట్టూనే తిరిగింది.

మొదట్లో దొరికిన దారి గుంపులు కట్టడం. 97% పోలిక ఉన్న రీడ్లన్నిటినీ ఒక గుంపు చేసి దాన్ని ఓటీయూ అన్నారు, చిన్న చిన్న తప్పులు ఆ గుంపులో కలిసిపోతాయి కదా అని. 2009లో ప్యాట్రిక్ ష్లాస్ బృందం తెచ్చిన మదర్, 2010లో రాబ్ నైట్, గ్రెగ్ కాపొరాసో వాళ్ల బృందం తెచ్చిన చైమ్, ఈ రెండు సాఫ్ట్‌వేర్లూ అంతకు ముందు ముక్కలు ముక్కలుగా ఉన్న పనులన్నిటినీ ఒక చోటికి చేర్చాయి. మదర్ సీ ప్లస్ ప్లస్‌లో రాసిన ఒకే ప్రోగ్రామ్, దించుకుని నడిపిస్తే చాలు, ఇన్‌స్టాల్ చేయడంలో తలనొప్పి తక్కువ. చైమ్ పద్ధతి వేరు, ఇతరులు రాసిన టూల్స్‌ని కూడా తనలో కలుపుకుంటుంది.

ఇక్కడ లైసెన్సుల కథ ఒకటి తెలుసుకోవాలి, ఎందుకంటే ఓపెన్ సోర్స్ ఎందుకు ముఖ్యమో ఇందులో బాగా తెలుస్తుంది. గుంపులు కట్టే పనిలో చాలా వేగంగా ఉండేది రాబర్ట్ ఎడ్గర్ రాసిన యూసెర్చ్. అద్భుతమైన ప్రోగ్రామ్, ఎన్నో పరిశోధనలు దాని మీదే నడిచాయి. అయితే అప్పట్లో దాని కోడ్ బయట లేదు. ఉచితంగా ఇచ్చింది 32 బిట్ వెర్షన్, అది సుమారు 4 జీబీకి మించి మెమరీ వాడుకోలేదు, పెద్ద డేటా ఉన్నవాళ్లు 64 బిట్ లైసెన్స్ కొనుక్కోవాలి. నార్వేలోని టోర్బ్యోర్న్ రోగ్నెస్, మరికొందరు కలిసి అదే పని చేసే వీసెర్చ్‌ని మొదటి నుంచీ కొత్తగా రాసి, కోడ్‌తో సహా విడుదల చేసి, 2016లో పేపర్ వేశారు. ఇప్పుడు చైమ్ తర్వాతి తరమైన చైమ్-2లో ఈ పనికి నడిచేది వీసెర్చే. తర్వాతి కాలంలో యూసెర్చ్ కోడ్ కూడా బయటికి వచ్చింది. ఎచ్చెర్లలోనో విజయనగరంలోనో చదువుకునే పీజీ స్టూడెంటుకి దీని అర్థం ఏమిటంటే, డబ్బున్న ల్యాబులో ఏ ప్రోగ్రామ్ నడుస్తుందో తన ల్యాప్‌టాప్‌లోనూ అదే నడుస్తుంది, తక్కువ రకం కాపీ కాదు.

2016లోనే బెంజమిన్ కాలహన్, సుసాన్ హోమ్స్ వాళ్ల బృందం డాడా-2 అనే ప్రోగ్రామ్ తెచ్చింది. ఇది 97% గీత గీయడం మానేసి, మెషీన్ ఎలాంటి తప్పులు ఎంత తరచుగా చేస్తోందో ఆ డేటాలోంచే నేర్చుకుంటుంది, ఆ తర్వాత ప్రతి కొత్త వరసనీ ఇది నిజంగా వేరేదా, లేక ఎక్కువగా ఉన్న మరో వరసకి తప్పుడు కాపీయా అని లెక్క వేసి చూస్తుంది. అలా మిగిలిన వాటిని ఏఎస్‌వీ అంటారు. ఒక్క బేస్ తేడాని కూడా పట్టుకోగలదు. అయితే దీనికీ హద్దులున్నాయి. ఈ.కోలైలో 16ఎస్ జన్యువు 7 కాపీలుంటుంది, కాపీల మధ్య చిన్న తేడాలుంటే ఒకే బ్యాక్టీరియా రెండు మూడు ఏఎస్‌వీలుగా కనపడొచ్చు. ఇంకోటి, చాలామంది పట్టించుకోనిది: డాడా-2 మామూలుగా ఒక్కసారే కనపడిన వరసలను ఉంచదు, చావో-1 అనే వైవిధ్య సూచిక లెక్క నిలబడేదే అలాంటి వరసల మీద. డాడా-2 ఫలితానికి చావో-1 కట్టి పేపర్లో పెట్టడం అర్థం లేని పని, అయినా పెడుతూనే ఉన్నారు.

కత్తిరింపు దగ్గర ఎంత నష్టం జరగొచ్చో లెక్క వేసి చూద్దాం. 16ఎస్ జన్యువులో మారే చోట్లకి వీ1, వీ2 అని వరసగా పేర్లున్నాయి, వాటిలో వీ3-వీ4 అనే భాగం ప్రైమర్లతో కలిపి సుమారు 460 బేస్‌లు. మెషీన్ దాన్ని ఈ చివర నుంచి 250, ఆ చివర నుంచి 250 చదువుతుంది, మొత్తం 500, అంటే మధ్యలో ఒకదాని మీద ఒకటి పడేది 40 మాత్రమే. రెండో వైపు రీడ్ చివర్లో నాణ్యత బాగా పడిపోతుంది కాబట్టి శుభ్రంగా ఉండాలని ముందు రీడ్‌ని 240 దగ్గర, వెనక రీడ్‌ని 200 దగ్గర కోశారనుకోండి. మొత్తం 440. రెండూ కలవవు. డాడా-2కి కనీసం 12 బేస్‌ల అతుకు కావాలి, అంటే మొత్తం 472, ఇక్కడ 32 తక్కువ పడ్డాయి. రీడ్లన్నీ పోతే ఇంకా నయం, తప్పు వెంటనే తెలిసిపోతుంది. కొంచెం తక్కువ కోసినప్పుడే ప్రమాదం. ఈ భాగం పొడవు అన్ని బ్యాక్టీరియాల్లో ఒకటి కాదు, పొట్టిగా ఉన్నవాళ్లు కలుస్తారు, పొడవుగా ఉన్నవాళ్లు రాలిపోతారు, చివరికి చార్టులో కొన్ని గుంపులు మాయమైపోతాయి, చెరువులోనే అవి లేవని రాసేస్తారు. ప్రతి మెట్టులో ఎన్ని రీడ్లు మిగిలాయో డాడా-2 పట్టిక ఇస్తుంది. రిపోర్టు చూసేవాళ్లు మొదట అడగాల్సింది ఆ పట్టికే. వీ4 ఒక్కటే చదివితే ఈ టెన్షన్ లేదు, అది సుమారు 250 బేస్‌లే కాబట్టి రెండు రీడ్లూ దాదాపు మొత్తం ఒకదాని మీద ఒకటి పడతాయి.

పేర్లు పెట్టే మెట్టు దగ్గర ఇంకో చిక్కు ఉంది. సాఫ్ట్‌వేర్ ఎంత మంచిదైనా పేరు వచ్చేది డేటాబేస్‌లోంచి. గ్రీన్‌జీన్స్ అనే డేటాబేస్ 2013 తర్వాత దాదాపు పదేళ్లు అలాగే ఉండిపోయింది, గ్రీన్‌జీన్స్-2 పేపర్ 2023లో గానీ రాలేదు. ఈ లోపు పేర్లే మారిపోయాయి. 2020లో లాక్టోబాసిల్లస్ అనే ప్రజాతిని 25గా విడగొట్టారు. మన ఇళ్లలో అన్నం పులియబెట్టే తరవాణి కుండలోంచి శాంపిల్ తీసి చూస్తే పాత డేటాబేస్‌తో మొత్తం లాక్టోబాసిల్లస్ అని రావొచ్చు, కొత్తదానితో లాక్టిప్లాంటిబాసిల్లస్, లిమోసిలాక్టోబాసిల్లస్ అని వేరే పేర్లు రావొచ్చు, కుండలో మాత్రం ఏమీ మారలేదు. 2021 నుంచి ఫర్మిక్యూట్స్‌ని బాసిల్లోటా అంటున్నారు, ప్రోటియోబ్యాక్టీరియాని సూడోమొనాడోటా అంటున్నారు. రెండు పరిశోధనలను పోల్చాలంటే పేర్లు పోల్చడం కన్నా ముడి రీడ్లు తెచ్చుకుని రెండిటికీ ఒకే డేటాబేస్‌తో మళ్లీ పేర్లు పెట్టడమే సరైన పద్ధతి. ముడి రీడ్లు బయట పెట్టకపోతే అది కుదరదు.

పలాస జీడి ఆకు మీద ఏ బ్యాక్టీరియా ఉందో చూడాలనుకునేవాళ్లకి ఇంకో ఆశ్చర్యం ఎదురవుతుంది, రీడ్లలో పెద్ద భాగం ఆకుదే కావొచ్చు. ఆకులోని క్లోరోప్లాస్ట్ పూర్వం సయనోబ్యాక్టీరియా నుంచి వచ్చిందే, దాని 16ఎస్‌కీ ప్రైమర్ అతుక్కుంటుంది. చెరువు నీళ్లలో నాచు ఉంటే అక్కడా అంతే. వీటిని వడగట్టే కమాండ్ చైమ్-2లోనూ మదర్‌లోనూ ఉంది, ఒక్క లైను. మర్చిపోతే చార్టు అంతా సయనోబ్యాక్టీరియా.

శాతాల విషయం దగ్గర కొంచెం ఆగాలి, ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. సీక్వెన్సింగ్ మెషీన్ ఇచ్చే రీడ్ల సంఖ్యకీ చెరువులో ఉన్న బ్యాక్టీరియా సంఖ్యకీ సంబంధం లేదు. తెలిసేది వాటా మాత్రమే. ఒక ఊహా లెక్క చూద్దాం: కొంచెం నీటిలో విబ్రియో కణాలు 1,000, మిగతావి 9,000 ఉన్నాయి, విబ్రియో వాటా 10%. బ్లీచింగ్ పౌడర్ చల్లాక మిగతావి 4,000కి పడిపోయాయి, విబ్రియో మాత్రం 1,000 దగ్గరే ఉంది. ఇప్పుడు వాటా 20%. విబ్రియో ఒక్కటి కూడా పెరగలేదు, చార్టులో మాత్రం రెట్టింపయింది. రిపోర్టు చూసిన రైతు కంగారుపడి ఇంకో మందు కొంటాడు, ఇంకో ప్రోబయోటిక్ డబ్బా కొంటాడు. దీనికి తోడు చచ్చిన కణాల డీఎన్‌ఏ కూడా కొన్నాళ్లు నీళ్లలోనే ఉంటుంది, దాన్నీ మెషీన్ చదివేస్తుంది. గ్లోర్, మరికొందరు కలిసి 2017లో రాసిన పేపర్ పేరులోనే ఈ డేటా వాటాల డేటా అనీ, అలా చూడటం ఐచ్ఛికం కాదనీ తేల్చి చెప్పారు. ఆల్డెక్స్-2, ఆంకామ్ లాంటి ఓపెన్ సోర్స్ ప్యాకేజీలు ఈ సంగతిని లెక్కలోకి తీసుకుని పోలికలు చేస్తాయి. అయినా అసలు సంఖ్య కావాలంటే విడిగా కొలవాలి, డీఎన్‌ఏ కాపీలెన్నో కొలిచే క్యూపీసీఆర్‌తోనో, విబ్రియో వరకైతే ఆ పాత టీసీబీఎస్ ప్లేటుతోనో. చవకైన ప్లేటు ఇచ్చే సమాచారం ఖరీదైన సీక్వెన్సింగ్ ఇవ్వలేదు, రెండూ పక్కపక్కన ఉండాల్సిందే.

ఇంక ఉద్దానం. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఏళ్ల తరబడి కిడ్నీ జబ్బు ఇళ్లకి ఇళ్లనే పీల్చేస్తోంది, కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. నీళ్లు, నేల, ఎండలో పని, మందులు, వంశపారంపర్యం, అన్నీ చర్చలో ఉన్నాయి. పేగుల్లోని బ్యాక్టీరియా గురించీ ప్రశ్న రావడం సహజం, రావాలి కూడా. అయితే ఇలాంటి చోట ఒక తొందరపాటు ఫలితం చేసే కీడు మామూలుది కాదు. రోగుల శాంపిళ్లన్నీ కవిటి నుంచి తెచ్చి ఒక రోజు డీఎన్‌ఏ తీసి, ఆరోగ్యంగా ఉన్నవాళ్ల శాంపిళ్లన్నీ శ్రీకాకుళం టౌన్‌లో తీసుకుని ఇంకో రోజు ఇంకో కిట్‌తో తీస్తే, సాఫ్ట్‌వేర్ రెండు గుంపుల మధ్య గట్టి తేడా చూపిస్తుంది. గుంపుల మధ్య తేడాని పరీక్షించే పర్మనోవా అనే గణాంక పరీక్షలో పీ విలువ చాలా చిన్నగా వస్తుంది, అంటే తేడా యాదృచ్ఛికం కాదన్నట్టు. ఆ తేడా జబ్బుదా, ఊరిదా, తిండిదా, కిట్‌దా అనేది ఏ ప్రోగ్రామూ చెప్పలేదు. పైగా కిడ్నీ జబ్బు వచ్చాక తిండి మారుతుంది, మందులు మొదలవుతాయి, రక్తంలో యూరియా పెరుగుతుంది, వీటన్నిటి వల్ల పేగుల్లో బ్యాక్టీరియా మారుతుంది. జబ్బు వల్ల వచ్చిన మార్పును జబ్బుకి కారణం అని రాస్తే టీవీలో ఆ రాత్రికే ఒక బ్యాక్టీరియా పేరు మోగిపోతుంది, అక్కడి జనం ఇప్పటికే పడుతున్న భయానికి ఇంకో భయం తోడవుతుంది.

కిట్‌లలో కూడా బ్యాక్టీరియా డీఎన్‌ఏ ఉంటుందని 2014లో సాల్టర్ బృందం వివరంగా చూపించింది. బ్యాక్టీరియా చాలా తక్కువగా ఉండే శాంపిళ్లలో, ఉదాహరణకి బాగా వడకట్టిన తాగునీరు, అసలు దానికన్నా కిట్ నుంచి వచ్చిందే ఎక్కువ కావొచ్చు. మందు ఒకటే, ప్రతి బ్యాచ్‌లోనూ ఏమీ వేయని ఖాళీ ట్యూబ్‌ని కూడా మొదటి నుంచి చివరిదాకా నడిపి సీక్వెన్స్ చేయాలి. ఆ ఖాళీ ట్యూబ్ ఫలితాన్ని చూసి కల్తీని గుర్తించే డీకాంటామ్ అనే ప్యాకేజీ, ఆర్ అనే గణాంక ప్రోగ్రామింగ్ భాషలో రాసినది, 2018 నుంచి ఉచితంగా ఉంది. ఖాళీ ట్యూబే లేకపోతే ఇలా పోల్చి చూసే పద్ధతి కుదరదు.

2019లో పేపర్‌గా వచ్చిన చైమ్-2లో అన్నిటికన్నా గొప్ప సంగతి వేగమూ కాదు, బొమ్మలూ కాదు. ప్రతి ఫలితం ఫైలూ తన పుట్టుపూర్వోత్తరాలు తనలోనే మోస్తుంది. క్యూజడ్‌ఏ అనే ఆ ఫైలు నిజానికి జిప్ ఫైలే, పేరు చివర మార్చి విప్పితే లోపల ప్రొవెనెన్స్ అనే ఫోల్డర్ ఉంటుంది, ఏ కమాండ్, ఏ వెర్షన్, ఏ దగ్గర కోశారు, ఏ ఫైల్లోంచి వచ్చింది, అన్నీ అందులో వరసగా రాసి ఉంటాయి. బ్రౌజర్‌లో చైమ్-2 వ్యూ పేజీలో వేస్తే బొమ్మలా కూడా చూపిస్తుంది. ఉద్దానం మీద ఎవరు ఏ ఫలితం ప్రకటించినా ఈ ఫైళ్లు, ముడి రీడ్లు, ఆర్‌లో చేసి ఉంటే స్క్రిప్టు, పక్కన పెట్టమని అడగడం మన హక్కు.

సాఫ్ట్‌వేర్ పట్టుకోలేని తప్పులు మాత్రం శాంపిళ్ల పట్టికలో పుడతాయి. ఇచ్ఛాపురాన్ని ఇంగ్లీషులో ముగ్గురు మూడు రకాలుగా రాస్తారు, ఒకరు మధ్యలో టీ పెడతారు, ఒకరు హెచ్ రెండుసార్లు రాస్తారు. పట్టికలో అలాగే ఎక్కితే ప్రోగ్రామ్‌కి అవి మూడు ఊళ్లు, ఒక ఊరి శాంపిళ్లు మూడు గుంపులై విశ్లేషణ చెడుతుంది. శాంపిల్ నంబరు 01 అని కొడితే ఎక్సెల్ దాన్ని 1 చేసేస్తుంది, ఫైలు పేరుతో సరిపోదు, ఎర్రర్ వస్తుంది. ఎర్రర్ వస్తే అదృష్టమే. ఊళ్ల పేర్లకి మొదటి రోజే ఒక కోడ్ పట్టిక రాసుకుని అందరూ అదే వాడితే ఈ గొడవ ఉండదు.

కంప్యూటర్ సంగతి. కొన్ని పదుల 16ఎస్ శాంపిళ్లయితే 8 జీబీ ల్యాప్‌టాప్‌లో డాడా-2 నిదానంగానైనా నడుస్తుంది. సిల్వా డేటాబేస్‌తో పేర్లు పెట్టేటప్పుడు మెమరీ చాలక ప్రోగ్రామ్ మధ్యలో చచ్చిపోవడం మామూలే, ఒకేసారి తీసుకునే రీడ్ల సంఖ్య తగ్గించి నడిపిస్తే చాలాసార్లు దాటేస్తుంది. 16ఎస్ వదిలి మొత్తం డీఎన్‌ఏ చదివే షాట్‌గన్ డేటాకి వస్తే రీడ్లకి పేర్లు పెట్టడానికి క్రాకెన్-2 లాంటివి వాడతారు, దాని పూర్తి డేటాబేస్‌కి పదుల జీబీల మెమరీ కావాలి. 8 జీబీలో పట్టేలా కుదించినదీ ఉంది, కచ్చితత్వం కొంత తగ్గుతుంది. ల్యాప్‌టాప్ సరిపోకపోతే గెలాక్సీ అనే వెబ్ వేదికలో మదర్ లాంటి టూల్స్ ఉచితంగా దొరుకుతాయి, కమాండ్లు కొట్టక్కర్లేదు, ఫైళ్లు ఎక్కించడానికి నెట్ బాగుంటే చాలు.

ముడి రీడ్లు పెట్టడానికి అమెరికాలోని ఎస్‌ఆర్‌ఏ, యూరప్‌లోని ఈఎన్‌ఏ అనే బహిరంగ డేటా నిల్వలు ఎప్పటినుంచో ఉన్నాయి, 2022లో ఫరీదాబాద్‌లో మొదలైన ఇండియన్ బయొలాజికల్ డేటా సెంటర్ కూడా తీసుకుంటుంది. మనుషుల శాంపిళ్ల దగ్గర మాత్రం ఒక జాగ్రత్త తప్పనిసరి. మల శాంపిల్‌ని షాట్‌గన్‌తో చదివితే బ్యాక్టీరియాతో పాటు ఆ మనిషి డీఎన్‌ఏ కూడా కొంత వస్తుంది. బౌటై-2 లాంటి ప్రోగ్రామ్‌తో మానవ జీనోమ్‌కి సరిపోలిన రీడ్లను ఏరి తీసేసి, మిగిలినవే బయట పెట్టాలి. పట్టికలోనూ అంతే, చిన్న ఊళ్లో వయసు, ఆడామగా, ఊరి పేరు, డయాలసిస్ మొదలైన నెల, ఈ నాలుగూ ఉంటే ఎవరో చెప్పడానికి పక్కింటివాళ్లకి నిమిషం పట్టదు. ఊరి బదులు మండలం, వయసు బదులు పదేళ్ల శ్రేణి, నెల బదులు ఏడాది ఇస్తే విశ్లేషణకి కావాల్సింది చాలా వరకు మిగులుతుంది, ఇంకొకరు మళ్లీ నడిపి చూడటానికీ అది సరిపోతుంది.